విసుగు రాని సబ్జెక్టు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి నన్ను చూసిన ప్రతి మనిషికీ ఒకటే ప్రశ్న. "ఏం పాపా, ముందుకేం సదువుతాండావ్?" చర్చి మెట్లు దిగుతుంటే పాస్టరమ్మ అడిగింది. పాల ప్యాకెట్టుకు పోతే అంగడి రామమ్మ అడిగింది. నాయన తరఫు చుట్టం ఒకాయనైతే మా ఆళ్లగడ్డ బస్టాండులో బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి మరీ అడిగాడు.

తెలీదు అని చెప్పేదాన్ని. అది నిజం. నిజం చెప్తే మనుషులకు అంత కోపం వస్తుందని నాకు ఆ ఎండాకాలమే అర్థమైంది.

బైపీసీలో మార్కులు బాగానే వచ్చాయి. డాక్టరు చదువుకు సరిపోయేంత కాదు, సిగ్గుపడేంత తక్కువా కాదు. నర్సింగంటే భయం లేదు, మోజూ లేదు. టీచరు కావాలనీ లేదు, కాకూడదనీ లేదు. "పోనీ నీకేమిష్టమో చెప్పు" అని అడిగేవాళ్లతో ఇంకా కష్టం. ఇష్టమనేది నేను ఎక్కడో పెట్టెలో దాచుకుని వాళ్లకు చూపించనట్టు చూసేవాళ్లు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

మా నాయన జయరాజు సిమెంటు లారీ డ్రైవరు. నెలలో ఎక్కువ దినాలు రోడ్డు మీదే. అమ్మ మరియమ్మ మా వీధి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. అన్న తిమోతి సివిల్ ఇంజనీరింగ్ చదివి, బెంగళూరులో కొన్నాళ్లు తిరిగి, ఉద్యోగం దొరక్క వచ్చి నంద్యాలలో సెల్‌ఫోన్ల షాపులో కుదిరాడు. ఏదేమైనా ఇంట్లో ఇంజనీరు ఉన్నాడు కాబట్టి చదువుల సంగతి అన్నదే. నాయన అన్నీ అన్న మీదే వదిలేశాడు. నన్నూ వదిలేశాడు.

డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్లో ఆప్షన్లు పెట్టే రోజు అన్న నన్ను నెట్ సెంటరుకు తీసుకుపోయాడు. అక్కడంతా మాలాంటి వాళ్లే. ప్రతి కంప్యూటరు ముందూ ఒక అన్నో మేనమామో కూర్చుని ఉన్నాడు, వెనకాల చున్నీ సర్దుకుంటూ ఒక పిల్ల నిలబడి ఉంది.

"ఏ కోర్సు పెడ్తాండావన్నా?" అన్నాను.

"కంప్యూటర్స్."

"ఎందుకు?"

"ఎందుకేందీ? నువ్వు వేరేది చెప్పు, అదే పెడ్తా. చెప్పు." కుర్చీ తిప్పి నా వైపు చూశాడు. నెట్ సెంటరు అతనూ చూశాడు. క్యూలో ఉన్నవాళ్లూ చూశారు.

నేను చున్నీ సర్దుకున్నాను.

"ల్యా గదా. అయితే గమ్మునుండు."

నా ఫోనుకు ఓటీపీ వచ్చింది. చదివి చెప్పాను. నా చదువు నిర్ణయంలో నేను చేసిన పని అంతే, తెర మీద కనపడిన అంకెలు చదవడం.

నంద్యాల పొలిమేరలో ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. జూలైలో కాలేజీ మొదలు. మొదటి దినాలన్నీ కొత్త విద్యార్థులకు పరిచయ కార్యక్రమాలని, కోర్సుల గురించి అన్నీ వివరంగా చెప్తారని, తల్లిదండ్రులు తప్పకుండా రావాలని ఫోను చేశారు. అమ్మకు ఆ మాట నచ్చింది. "సదువుకున్నోళ్లు కూచోబెట్టి చెప్తారంట. ఆడన్నా నీకు తెలుస్తాదేమో" అని బడిలో సెలవడిగింది. మా వీధిలో పరుపులు కుట్టే ఖాజా కూతురు ఆయేషాకూ అదే కాలేజీలో సీటొచ్చింది. బీకాం చదవాలని అది ఎనిమిదో తరగతిలోనే అనుకుంది. దాని పక్కన కూర్చుని బస్సులో పోవడమే నాకు చిన్నతనంగా ఉండేది.

కాలేజీ ఆవరణలో షామియానా వేశారు. చెవికి మైకు తగిలించుకున్న ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చాడు. కోర్సుల గురించి చెప్తాడని మేం కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటే, ఆయన అమ్మానాన్నల గురించి మొదలుపెట్టాడు. మీ నాన్న చొక్కాకు ఎన్ని చిరుగులున్నాయో ఎప్పుడైనా చూశారా అన్నాడు. వెనకాల ఏడుపు సంగీతం పెట్టారు. ముందు వరుసలో ఒకమ్మాయి ఏడ్చింది, తర్వాత ఇంకొకతె, తర్వాత షామియానా అంతా. చివరికి ఇత్తడి పళ్లేలూ చెంబులూ తెచ్చి, పిల్లలందరూ తల్లిదండ్రుల కాళ్లు కడగాలన్నారు. ఫోటోలు తీసేవాళ్లు ముందుకొచ్చారు.

నేను చెంబు పట్టుకుని వంగాను. అమ్మ కాళ్లు వెనక్కి లాక్కుంది.

"తీయ్ ఆడ. కాళ్లు నేనే కడుక్కుంటా. ఏం సదువు చెప్తారో అడుగు పో."

నాకు లేవడానికి సిగ్గేసింది. అమ్మే లేచి మైకు అడిగి తీసుకుంది. "అయ్యా, ఈ పిల్లకు ఏ కోర్సు సరిపోతాదో తెలీడంల్యా. చేరినంక నచ్చకపోతే మార్చుకోవచ్చునా?"

ఆయన ఎంతో మెచ్చుకోలుగా నవ్వాడు. "అమ్మా, నచ్చడం నచ్చకపోవడం కోర్సులో ఉండదు. ఇక్కడుంటుంది" అని తన కణత మీద వేలితో కొట్టి చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ మైకు ఇచ్చేసి కూర్చుంది. "నేనడిగిందేంది, వాడు చెప్పిందేంది" అని బస్సు శిరివెళ్ల దాటేదాకా గొణుగుతూనే ఉంది.

మర్నాడు సలహాలిచ్చే బల్లలు వేశారు. ఏ సబ్జెక్టు తీసుకోవాలో తేల్చుకోలేని వాళ్లకని వరండా పొడవునా ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో బల్ల, వెనకాల లెక్చరర్లు. దాని ఇన్‌ఛార్జి వైస్ ప్రిన్సిపాలు ఫ్రాన్సిస్ సార్. మొదట ఆయన దగ్గరికే పోయాను.

"కంప్యూటర్స్‌లో సీటు వచ్చింది కదమ్మా. ఇంకేంటి నీ సమస్య?"

"నాకది సరిపోతుందో లేదో తెలీదు సార్. మిగతావి ఎట్లుంటాయో కనుక్కుందామని."

"సీటు వచ్చినాక కనుక్కునేదేముంది?" అని రంగు కాగితం ఒకటి చేతిలో పెట్టాడు. దాని మీద కాలేజీ బొమ్మ ఉంది, వెనకాల కాలేజీ బస్సుల రూట్లు ఉన్నాయి.

బల్లల మధ్య నడుస్తుంటే ఆటోస్టాండులో పిలిచినట్టే పిలిచారు. ఇటు రామ్మా, మాదాంట్లో ఉద్యోగాలు గ్యారంటీ. అటు పోవద్దు, అది ముసలి కోర్సు. ఒక సారు నా మార్కులు కూడా అడక్కుండా పేరు రాసుకోబోయాడు. వాళ్ల సబ్జెక్టులో ఏం చదువుతారని అడిగితే మాత్రం ఎవరూ తిన్నగా చెప్పలేదు. ఏం ఉద్యోగాలొస్తాయో చెప్పారు, ఎన్ని లక్షలొస్తాయో చెప్పారు.  తెలీదన్న పాపానికి నన్ను ఎవరైనా తమ బుట్టలో పడేసుకోవచ్చనుకుంటున్నారు.

చివరి బల్ల వెనకాల పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది. పేరు భారతమ్మ, బాటనీ లెక్చరర్. ఆమె పిలవలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకేమిష్టమో నన్నడగొద్దు మేడం" అన్నాను ముందే.

ఆమె నా ముఖం చూసి నీళ్ల సీసా జరిపింది. "అడగన్లే. నీళ్లు తాగు." తాగాక అంది, "పాఠాలు ఊపందుకునేదానికి ఇంకా టైముంది. అన్ని క్లాసుల్లోనూ కూచోని చూడు. ఇష్టం గిష్టం ఇప్పుడే వెతకొద్దు. ఏ క్లాసులో నీకు విసుగు రాల్యాదో చూడు, చాలు."

ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఎవరైనా నాకు చేయదగ్గ పని చెప్పడం అదే మొదలు.

నిజంగానే తిరిగాను. కంప్యూటర్స్ క్లాసులో సగం సిస్టములు పనిచేయవు, ఒక్కోదాని ముందు నలుగురం కూర్చునేవాళ్లం. మౌసు ముట్టుకునే వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేది. ఎకనామిక్స్ సారు గైడు చదివేవాడు, మధ్యలో పేజీ తిప్పడం మరిచిపోయి అదే మళ్లీ చదివేవాడు. కామర్స్‌లో ఆయేషా పక్కన కూర్చున్నాను. దానికి కళ్లు వెలిగిపోయేవి, నాకు ఆవులింతలు. జువాలజీ పరవాలేదు. బాటనీలో మేం గుప్పెడు మందిమే. భారతమ్మ మేడం మమ్మల్ని గదిలో కూర్చోబెట్టకుండా సైకిల్ స్టాండు వెనక పిచ్చిమొక్కల్లోకి తీసుకుపోయింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఆమె ముందు, మేం వెనక. తిరిగొచ్చాక, "మీ బట్టలు చూసుకోండి" అంది. నా చున్నీ నిండా ఉత్తరేణి గింజలు.

"దీనికి కాళ్లు లేవు. నీ చున్నీ పట్టుకుని ఆళ్లగడ్డకు వస్తాంది. ఎట్ల పట్టుకుందో ఒక్కటి పీకి చూడు."

పీకి చూశాను. ఇంకొకటి పీకాను. బెల్లు కొట్టిన సంగతి నాకు ఆయేషా వచ్చి భుజం తట్టేదాకా తెలియలేదు.

ఈలోగా కంప్యూటర్స్ క్లాసుకు నేను రావడం లేదని కాలేజీ నుంచి మెసేజీలు పోతున్నాయి. వాళ్ల దగ్గరున్నది అన్న నంబరు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తింటుంటే అన్న ఫోను తీసి అమ్మ ముందు పెట్టాడు.

"దినామూ బస్సెక్కి యాడికి పోతాందో అడుగు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "యాడ తిరుగుతాండావే?"

"యాడా తిరగడంల్యా. కాలేజీలోనే ఉన్నా. వేరే క్లాసుల్లో కూచుంటాండా, బాటనీ మేడం మొక్కలు చూపిస్తే చూస్తాండా."

"ఎవరు కూచోమన్నారు?"

"నేనే."

"నేనే!" అన్న కంచం పక్కకు నెట్టాడు. "నువ్వేమన్నా ఎగ్జిబిషను చూసేదానికి పోయినావా? నేను సివిల్ చదివి ఫోన్లకు అద్దాలు అతికిస్తాండా. చూస్తానే ఉన్నావ్ గదా. అట్లనే గావల్నా నీకూ? మంచి కోర్సు చూసి పెడ్తే, చెట్లెంబడీ చేమలెంబడీ తిరుగుతాందంట!"

"నాకు తెలీదని మొదట్నించి చెప్తానే ఉన్నా గదన్నా."

"తెలీదు తెలీదు! ఎన్ని దినాలంటావే ఆ మాట?" అమ్మ అరిచింది. "ఊర్లో అడిగినోళ్లకల్లా నేనేం చెప్పల్ల? నా కూతురికేం తెలీదంట అని చెప్పల్నా?"

నాయనకు ఫోను చేశారు. ఎక్కడో తాడిపత్రి దగ్గరున్నాడు, వెనకాల హారన్లు. "అన్న చెప్పినట్టు ఇను పాపా. వాడు సదువుకున్నోడు. బండి ఆపినారు, ఫోను పెడ్తాండా" అన్నాడు.

అంతటితో అయిపోయింది. నేను అన్నం కలిపిన చెయ్యి అట్లే ఎండిపోయేదాకా కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. చూడకుండా ఎట్ల ఎంచుకోవాలో వీళ్లలో ఒక్కరైనా చెప్తే బాగుండనిపించింది. గుడ్డల అంగట్లో నైటీ కొనాలన్నా అమ్మ పది విప్పించి చూస్తుంది.

సోమవారం నేరుగా భారతమ్మ మేడం దగ్గరికి పోయాను. స్టాఫ్ రూములో ఆమె ఒక్కతే ఉంది.

"మేడం, నేను బాటనీకి మారుతా. ఏం రాయాలో చెప్పండి."

జీవితంలో మొదటిసారి నేనై ఒకటి తేల్చుకుని చెప్తున్నాను కదా, ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె తలుపు వైపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కోమంది.

"నా క్లాసు నచ్చిందా, సబ్జెక్టు నచ్చిందా?"

"రెండూ ఒకటే గదా మేడం."

"కాదు. నేను రేపుండొచ్చు, ఉండకపోవచ్చు." గొంతు తగ్గించింది. "ఈ ఏడాది ఇంకో ఇద్దరు ముగ్గురు చేరకపోతే సెక్షను ఎత్తేస్తామన్నారు. సెక్షను పోతే నా ఉద్యోగమూ పోతాది. నువ్వు చేరితే నాకు మంచిదే. నీకు మాత్రం మంచిది కాదు. ఈడ బాటనీకి ల్యాబ్ ల్యా. వచ్చే ఏడు సెక్షను ఎత్తేస్తే నిన్ను ఏ కోర్సులోకి తోస్తారో ఎవరికీ తెలీదు. టౌన్లో గవర్నమెంటు కాలేజీ ఉంది, ఆడ ల్యాబ్ ఉంది, పర్మనెంటు సార్లున్నారు. రెండో విడత ఆప్షన్లు ఇంకా అయిపోల్యా. ఆడికి పో."

"మరి మీరు?"

"నా సంగతి నువ్వడగొద్దు. తేల్చుకోలేని పిల్లోళ్లకు సలహా చెప్పమని నన్ను ఆ బల్ల దగ్గర కూచోబెట్టినారు. చెప్తాండా, అంతే."

ఆమె మీదే కోపమొచ్చింది నాకు. ఇన్ని నెలలకు ఒక తలుపు తట్టితే, తీసినావిడే పొమ్మంటోంది. థ్యాంక్స్ కూడా చెప్పకుండా వచ్చేశాను.

బస్సు దిగి ఇంటికి పోకుండా అమ్మ బడికి పోయాను. పిల్లలు తిని వెళ్లిపోయారు. అమ్మ గుండిగలు తోముతోంది. పీచు తీసుకుని నేనూ ఒకటి తోముతూ అంతా చెప్పాను.

"ఇప్పుడన్నా ఇష్టమేనా అది?" అంది.

"ఇష్టమని చెప్పను మా. విసుగు రాల్యా. అంతే."

"నేను ఇన్నేండ్లుగా అన్నం వండుతాండా. విసుగు రాని పని యాడుంటాదే?" గుండిగ బోర్లించింది. నీళ్లన్నీ కారిపోయాక, "ఉంటే పట్టుకో పో" అంది.

ఈసారి నెట్ సెంటరుకు నేనే పోయాను. అన్నకు చెప్పలేదు. చెప్తే మళ్లీ అరుపులే. ఆగస్టు రెండో వారంలో గవర్నమెంటు కాలేజీలో బాటనీ సీటొచ్చినట్టు మెసేజీ వచ్చింది. కానీ నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ పాత కాలేజీలో ఉన్నాయి. వాటిని తెచ్చి చూపిస్తేనే కొత్త చోట చేర్చుకుంటారు, గడువు ఆ వారమే. నేను రెండుసార్లు అడిగితే రెండుసార్లూ రేపు రమ్మన్నారు. మూడోసారి అమ్మ వచ్చింది.

ఫ్రాన్సిస్ సార్ మమ్మల్ని కూర్చోమనలేదు. "ఒకసారి చేరాక సర్టిఫికెట్లు ఇవ్వడం మా దగ్గర లేదమ్మా. ఆ సీటు ఖాళీ పోతే మాకెవరు నింపుతారు?"

"పిల్లకు ఈ కోర్సు వద్దంట సార్."

"వద్దంట! చేరినప్పటి నుంచి ఈ అమ్మాయి ఏ క్లాసులో ఉందో ఈమెకే తెలీదు. ఏం కావాలంటే తెలీదంటుంది. ఇలాంటి పిల్ల మాట పట్టుకుని మీరు పని మానుకుని వచ్చినారా?"

నేను తల దించుకున్నాను. అమ్మ నా వైపు ఒకసారి చూసింది. మొన్న ఇంట్లో ఇదే మాటకు తనూ అరిచిన మనిషే.

"తెలీదని ఆ పిల్ల మొదట్నించి చెప్తానే ఉంది సార్. మేమందరం తెలిసినోళ్లం గదా, మేమేం చెప్పినామని?" అంది. గొంతు పెంచలేదు. "సర్టిఫికెట్లు ఇచ్చేదాకా బయట కూచుంటా."

నిజంగానే కూర్చుంది. ఆఫీసు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో సంచి పెట్టుకుని. కొత్త అడ్మిషన్లకు వచ్చే తల్లిదండ్రులు ఆ గుమ్మంలోంచే పోవాలి. "ఏమైందమ్మా?" అని అడిగిన వాళ్లకల్లా ఉన్నదున్నట్టు చెప్పింది. ప్యూను వచ్చి లోపల కూర్చోమన్నాడు. ఈడ గాలొస్తాందిలే అంది.

మధ్యాహ్నానికి వాళ్లు అన్నకు ఫోను చేశారు. షాపు యూనిఫారం టీషర్టుతోనే వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసింది, నాకు చెప్పకుండా ఇంత చేసినారా అన్న కోపం. "లెయ్ మా. నలుగురిలో ఏందిది" అన్నాడు. ఇంతలో ఫ్రాన్సిస్ సార్ బయటికొచ్చి అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు చదువుకున్నవాళ్లు. మీరైనా చెప్పండి వాళ్లకు. ఏం చదివారు మీరు?"

"బీటెక్ సార్. సివిల్."

"వెరీ గుడ్. ఎక్కడ చేస్తున్నారు?"

అన్న టీషర్టు మీద షాపు పేరు పెద్ద అక్షరాలతో ఉంది. సార్ దాన్ని అప్పుడే చూసినట్టున్నాడు. చెయ్యి తీసేసి, ఆఁ సరే సరే, మాట్లాడి తీసుకుపోండి అని లోపలికి పోయాడు.

అన్న నా వైపు చూడలేదు, అమ్మ వైపూ చూడలేదు. గోడకు ఆనించి ఉన్న ఇంకో కుర్చీ లాగి, అమ్మ పక్కన వేసుకుని కూర్చున్నాడు. షాపు నుంచి ఫోను మోగితే కట్ చేశాడు. మళ్లీ మోగితే స్విచ్చాఫ్ చేశాడు.

సాయంత్రం ఆఫీసు మూసే ముందు క్లర్కు కవరు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. గుమ్మం ముందు ఇంకో రోజు కూడా వీళ్లు కూర్చుంటారేమోనని భయపడ్డట్టున్నారు. అన్నే కవరు విప్పి ఒక్కొక్కటీ సరిచూశాడు.

బయట సన్నగా వాన. బస్టాండు దగ్గర టీ బంకు కింద నిలబడ్డాం. అన్న ముందు నన్ను తిట్టాడు, చెప్పకుండా చేసినందుకు.  తర్వాత టీ గ్లాసులోకి చూస్తూ అన్నాడు:

"నాకోసరం యాడన్నా ఇట్ల కూచోనుంటివా మా?"

అమ్మ తడబడింది. "నువ్వెప్పుడు వద్దంటివిరా? సీటొచ్చిందంటే పోతివి."

"నన్నెవరడిగినారు? పెద్దమామ సివిల్ అన్నాడు, నాయన సరే అన్నాడు. నేను బ్యాగు తీసుకున్నా."

పక్కన బస్సు వెనక్కి వస్తుంటే కండక్టరు విజిలేస్తున్నాడు. ఆ చప్పుడు ఆగాక అమ్మ అంది, "ఇప్పుడడుగుతాండా. అప్పుడేం గావల్లని ఉండె నీకు?"

అన్న ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నుదురు ముడేసుకుని. ఏదో ఒకటి చెప్తాడనే నేను చూస్తున్నాను. కరెంటు పననో, పోలీసనో, క్రికెట్టనో.

"ఏమో మా. గుర్తు గూడ ల్యా" అన్నాడు.

అమ్మ మిగిలిన టీ పారబోసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆళ్లగడ్డ బస్సు వచ్చింది.

ఆ నెలాఖరుకు పాత కాలేజీలో బాటనీ సెక్షను ఎత్తేశారని ఆయేషా చెప్పింది. భారతమ్మ మేడం స్టాఫ్ రూములో తన సామాను సంచిలో సర్దుకుంటుంటే చూసిందట. ఎక్కడికి పోయిందో దానికి తెలియదు. కనుక్కుని నంబరు సంపాదించి ఫోను చేశాను. గోస్పాడు దగ్గర ఏదో స్కూల్లో సైన్సు చెప్తున్నానంది. ఆ రోజు థ్యాంక్స్ చెప్పనందుకు నేను నసుగుతుంటే, "సరే సరే, క్లాసు టైమైంది నాకు" అని పెట్టేసింది. మంచి చేసిన మనిషికి అది జరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నేనూ ఇంకో ఇద్దరూ చేరి ఉంటే అని లెక్కలు వేస్తాను, వేసి విసుక్కుంటాను.

గవర్నమెంటు కాలేజీలో చేరే రోజు అన్నే బండి మీద దింపాడు.  ఆ కోర్సు మంచిదని ఆయన అప్పటికీ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు. గేటు దగ్గర బండి ఆపాడు. దిగి లోపలికి వస్తాడని నేను కవరు పట్టుకుని నిలబడ్డాను. ఆయన దిగలేదు.

"రావా?" అన్నాను.

"నేనెందుకు? పో. షాపుకు లేటయితాది."

లోపల అడ్మిషన్ల గదిలో పెద్ద క్యూ. ప్రతి పిల్ల వెనకాలా ఒక అన్నో మేనమామో ఉన్నాడు. నా వంతు వచ్చాక గుమాస్తా నా సర్టిఫికెట్లు తిప్పి చూసి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు.

"నీతో ఎవరొచ్చినారు పాపా?"

"ఎవరూ రాలేదు సార్. నేనే వచ్చినా."

"ఏ సబ్జెక్టు?"

చెప్పాను. ఆయన ఇంకేమీ అడగలేదు. పెన్ను నా వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు.